దిష్టి మూటలో నా ట్రాకర్

ముందే చెప్తా ఉండా సుజాతా, మధ్యలో నవ్వినావంటే టీ గ్లాసు ఆడనే పెట్టేసి లేచి పోతా. గుడికి పోతా ఉండానని ఇంట్లో చెప్పి మీ ఇంటికి వచ్చినా. మా అత్తకి తెలిసిందంటే మళ్ళా ఒక పంచాయితీ!

సోమవారం లావణ్య పెళ్ళిలో నన్ను మండపం గేటు కాడనే ఆపేసినారని ఊరంతా చెప్పుకుంటా ఉండారు కదా? నిజమే. పట్టుచీర కట్టుకోని, తల్లో మల్లెపూలు పెట్టుకోని పొయ్యిన మనిషిని, దయ్యాన్ని చూసినట్టు చూసినారు. ముసిలోళ్ళు చేతులు అడ్డం పెట్టి "ఆడనే నిలబడుకో, అడుగు ముందుకెయ్యద్దు" అని అరిచినారు. ఎందుకంటే... ఉండు, అట్లా చెప్తే అర్థం కాదు. మొదటి నుంచి వస్తా. అంతా ఒక అగ్గిపెట్టెంత డబ్బీ చేసిన పని. డబ్బీ ఏం చేసింది పాపం, నేను చేసిన పని!

నా బతుకే బండి మీద కదా. పెళ్ళి చీరలకి కుచ్చులు కట్టాల, జాకెట్లకి మగ్గం పని చెయ్యాల, కుట్టినవి ఇంటింటికీ ఇచ్చి రావాల. ఈ పొద్దు చంద్రగిరిలో ఉంటే రేపు తిరపతిలో ఉంటా. నా అంగడి, నా గోడౌను, అన్నీ ఆ స్కూటీనే. అట్లాంటి బండి పోయిన నెల అలిపిరి కాడ పెట్టి, మెట్లెక్కి కొండకి పొయ్యినా. దర్శనం చేసుకోని దిగి వచ్చి చూస్తే బండి లేదు! పార్కింగు ఆయప్ప మీద అరిచినా. పూలమ్మే ఆమెని సాక్ష్యానికి పిలిచినా. నేల మీద కూలబడి ఏడ్చినా. ఆఖరికి యాడుండింది? రెండు వరసల అవతల, నేను పెట్టిన తావులోనే గమ్మున నిలబడుకోని ఉండింది.

అంతే, మా ఆయన ధనంజయకి ఇంక పండగ. వచ్చినోళ్ళకీ పోయినోళ్ళకీ ఇదే కథ. "మా వనజ యాడుండేదీ బండికి తెలుసబ్బా. బండి యాడుండేదీ వనజకే తెలీదు" అంటాడు. పాలు పోసే ఆయన కూడా నన్ను చూసి నవ్వినాడంటే నాకెట్లా ఉంటాది? ఆ రోజు గట్టిగా అనుకున్నా. నా బండి యాడున్నా సరే, ఇంక నా ఫోన్లో కనపడాల. కనపడకపోతే నా పేరు వనజ కాదు!

నేను ఒకటి పట్టుకున్నానంటే ఎట్లా ఉంటాదో నీకు తెలుసు కదా. వారం రోజులు జాకెట్టు కుడతా ఒక చెవిలో వీడియోలే. మా ఆయన "రెండు తాళాలు ఏసుకుంటే సాలదా?" అంటాడు. తాళం ఏస్తే దొంగ పోతాడు గానీ, నేను మరిచిపోయిన తావు తాళం చెప్తాదా? పోనీలే అని తిరపతి పొయ్యినా. బస్టాండు పక్క సందులో ఫోన్ సామాన్లు అమ్మే అంగడి ఒకటి ఉండాది. ఆడికి పొయ్యి కూర్చున్నా.

"ఏం కావాలక్కా?" అన్నాడు అంగడాయన.

"ట్రాకర్ కావాలబ్బా. బండికొకటి, చీరల బ్యాగుకొకటి. ఏది మంచిదో, ఎందుకు మంచిదో చెప్పు. చెప్పకుండా అంటగట్టినావంటే మళ్ళా ఈడికే వస్తా."

పాపం ఆయప్ప టేబుల్ మీద మూడు రకాలు పెట్టినాడు. మొదటిది వైర్లది. బండి బ్యాటరీకి కలిపేస్తారంట, ఛార్జింగు బాధ లేదంట. "వద్దు. బండి వైర్లు ముట్టుకుంటే వారంటీ పోతాదని షోరూంలో చెప్పినారు" అన్నా. రెండోది అగ్గిపెట్టెంత డబ్బీ. లోపల సిమ్ము ఉంటాది, అప్పుడప్పుడూ ఛార్జింగు పెట్టుకోవాల, యాడికైనా మార్చుకోవచ్చు. ప్రపంచంలో యాడున్నా మ్యాపులో చూపిస్తాది. మూడోది రూపాయి బిళ్ళంత ట్యాగు.

"ఇది బ్యాగులకి, తాళంచెవులకి బాగుంటాదక్కా" అని చెప్పినాడు. "దీంట్లో సిమ్ము ఉండదు. నీ ఫోను దగ్గరుంటేనే పలుకుతాది. దూరం పొయ్యినావంటే, చివరగా యాడ చూసిందో ఆ తావే చూపిస్తాది. ఈ బటన్ నొక్కితే కీచుకీచుమని మోగతాది. కానీ నువ్వు ఆ చుట్టుపక్కలే ఉండాల. యాడో కూర్చోని నొక్కితే మోగదు."

"అంటే ఇది మోగిందంటే ఫోను పట్టుకున్న మనిషి పక్కనే ఉన్నట్టు?"

"అంతే అక్కా."

బండికి డబ్బీ, బ్యాగుకి ట్యాగు. ఇంత తెలివిగా ఎవరైనా కొంటారా? నువ్వే చెప్పు. లేస్తా లేస్తా ఇంకో ప్రశ్న కూడా అడిగినా. "దొంగ డబ్బీని చూసి పీకి పారేస్తే?" అని. "ఎవరూ చెయ్యి పెట్టని తావులో దాచుకోండక్కా" అన్నాడు. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

ఇంటికొచ్చి బండి చుట్టూ తిరిగినా. సీటు కింద పెడితే దొంగ మొదట తెరిచేదే అది. అద్దం ఎనక పెడితే కనపడతాది. అట్లా చూస్తా ఉంటే, బండి ముందర నంబరు ప్లేటు కింద యాలాడతా ఉండాది మా అత్త కట్టిన దిష్టి మూట! నల్లగుడ్డలో పటిక, ఉప్పు, బొగ్గు, ఎండు మిరపకాయలు. ప్రతి అమావాస్యకీ పాతది పీకేసి కొత్తది కడతాది మా అత్త మునెమ్మ. నాకు ఒళ్ళు ఝల్లుమనింది. ఎంత దొంగైనా మన పక్క దొంగే కదా! వానికీ ఒక అమ్మ ఉంటాది. దిష్టి మూట ముట్టుకుంటే ఏమైతాదో చిన్నప్పుడే చెప్పుంటాది. చస్తే చెయ్యి పెట్టడు!

ఎవరూ లేనప్పుడు మూట విప్పి, డబ్బీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మిరపకాయల మధ్యలో పెట్టి, మళ్ళా అదే మాదిరి ముడేసినా. ఫోన్లో చూస్తే ఆకుపచ్చ స్కూటర్ బొమ్మ మా వాకిట్లో నిలబడుకోని ఉండాది. అబ్బా! మా ఆయనకి చెప్పలేదు. చెప్తే ఊరంతా తెలుస్తాది. మా అత్తకి అసలే చెప్పలేదు. దిష్టి మూటలో ఇట్లాంటివి పెడతారా అని తిడతాది. అమావాస్య ముందు రోజు నేనే గమ్మున తీసి, ఛార్జింగు పెట్టి, కొత్త మూటలోకి మార్చేస్తానని లెక్కేసుకున్నా. అమావాస్య ఇంకా శానా దూరం ఉండాది కదా. నా తెలివికి నేనే మురిసిపొయ్యినా.

ఇప్పుడు లావణ్య చీర సంగతి. ఆ పిల్ల పసిబిడ్డగా ఉండంగానే వాళ్ళమ్మ చనిపొయ్యింది. నగరిలో ఉండే వాళ్ళవ్వ సాకింది. వాళ్ళమ్మ పెళ్ళిచీర ఒక్కటే, అవ్వ ఇన్నేండ్లు గుడ్డలో చుట్టి దాచిపెట్టింది. "ముహూర్తానికి మా అమ్మ చీరే కట్టుకుంటా వనజక్కా. అంచు రవ్వంత చిరిగింది, సరి చేసిస్తావా?" అని నా చేతిలో పెట్టింది ఆ పిల్ల. కొత్త చీరైతే పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇది పోతే?  దారం దారం చూసి అంచు కుట్టినా. కుచ్చులు కట్టినా. ఆదివారం మధ్యాహ్నానికి అయిపొయ్యింది. బ్యాగులో మడతపెట్టి, లోపల ట్యాగు వేసి, పొద్దున్నే మరిచిపోకుండా ఉండాలని అప్పుడే బండి సీటు కింద పెట్టేసినా. బ్యాగుకి ట్యాగు, బండికి డబ్బీ. రెండు కాపలాలు! సాయంత్రం తలనొప్పికి మాత్ర మింగి పొద్దుగూకుతానే పండుకున్నా.

సోమవారం పొద్దున ముహూర్తం తిరపతిలో. తలస్నానం చేసి, నా పెళ్ళి పట్టుచీర కట్టుకోని, పూలు పెట్టుకోని వాకిట్లోకి వస్తే... బండి లేదు!

"అత్తా!" అని పిలిచినా. పలకలేదు. సోమవారం కదా, శివుని గుడికి పొయ్యింది. మా ఆయనకి ఫోన్ చేస్తే, కిటికీలో ఛార్జింగు పెట్టిన ఫోను ఇంట్లోనే మోగింది.  బండి పోతే పోనీ సుజాతా, సీటు కింద లావణ్య వాళ్ళమ్మ చీర ఉండాది!

కానీ నేను ఏడవలేదు. అలిపిరి వనజని కాదు కదా ఇప్పుడు. ఫోన్ తీసినా. ట్యాగు యాప్ చూస్తే "ఇంటి దగ్గర" అంటా ఉండాది. థూ, అంగడాయన చెప్పినాడు కదా, ఇది చివరగా చూసిన తావే చూపిస్తాదని. రాత్రి సంగతి ఇప్పుడు చెప్తా ఉండాది అనుకోని మూసేసినా. డబ్బీ యాప్ తెరిస్తే... ఆకుపచ్చ స్కూటర్ మా ఎనక సందులో పోతా ఉండాది! కళ్ళముందర! దొంగ నా బండిని తోలుకోని పోతా ఉండాడు!

ఇంటికి తాళం ఏసి, తాళంచెవి ఎప్పుడూ పెట్టే పూలకుండీ కింద పెట్టి రోడ్డు మీదికి ఉరికినా. ఎదురింటి మస్తాను ఆటో తుడుచుకుంటా ఉండాడు.

"మస్తానూ, బిన్నా, తొందరగా ఎక్కు! దొంగ నా బండి ఎత్తుకోని పోతా ఉండాడు!"

"యా అల్లా! యాడక్కా?"

"చెప్తా, ముందు నువ్వు తోలు!"

ఫోను పట్టుకోని నేను, హ్యాండిలు పట్టుకోని మస్తాను. ఎడంపక్క, కుడిపక్క అని నేను అరిస్తే వాడు తిప్పతా ఉండాడు. కానీ ఒక విచిత్రం. దొంగ పారిపోవడం లేదు. రవ్వంత పోతాడు, నిలబడతాడు. మళ్ళా రవ్వంత పోతాడు, మళ్ళా నిలబడతాడు. చూస్తే ప్రతి ఇంటి ముందరా ఆగతా ఉండాడు!

"ఏందక్కా ఈ దొంగ, చుట్టాల ఇండ్లకి వచ్చినట్టు ఇల్లిల్లూ తిరగతా ఉండాడు?" అన్నాడు మస్తాను.

అప్పుడు నా బుర్రకి తట్టింది. "మస్తానూ! సీటు కింద చీర చూసుంటాడు. ఇంటింటికీ తిరిగి అమ్మతా ఉండాడు! నా యాపారం నాకే చేసి చూపిస్తా ఉండాడు దొంగనాయాలు!"

అంతలో బొమ్మ ఇంకో ఇంటి ముందర నిలబడింది. ఎవరింటి ముందరో తెలుసా? ఆ సందులో ఉండే హెడ్ కానిస్టేబుల్ ఇంటి ముందర!  పోలీసాయన పెండ్లానికే దొంగ చీర అమ్ముతా ఉండాడంటే ఎంత గుండెలు తీసిన బంటై ఉండాల!

"స్టేషన్‌కి పోదామక్కా" అన్నాడు మస్తాను.

"పోలీసోళ్ళు వచ్చి రాసుకునేలోపల ఆ చీర ఎవరో కట్టుకోని సీరియల్ చూస్తా ఉంటారు. నేనే పట్టుకుంటా. తోలు!"

మేము పోయేసరికి బొమ్మ ముందరి సందుకి పోతాది. మేము ఆ సందుకి పోతే ఇంకో సందు. మ్యాపు రవ్వంత ఆలస్యంగా చూపిస్తాది కదా. ప్రతి సందులోనూ మాకు ఒకటే ఎదురొచ్చేది, పంచాయతీ చెత్త ఆటో. మైకులో పాటేసుకోని, మా దోవకి అడ్డంగా నిలబడుకోని ఉంటాది. మస్తాను హారన్ కొట్టినాడు. నేను తల బయట పెట్టి "దొంగని పట్టుకోవాల, దోవ ఇవ్వండి" అని చెత్త బండి వాళ్ళనే తిట్టినా. వాళ్ళు పాపం పక్కకి జరిగి దోవ ఇచ్చినారు. ఎవరిని దాటుకోని ఎవరి కోసం పోతా ఉండానో నాకేం తెలుసు!

అట్లా తిరిగి తిరిగి ఊరి బయటికి వచ్చినాము. బొమ్మ డంపింగ్ యార్డు దోవ పట్టింది. "చీర చెత్తలో దాచిపెడతాడు మస్తానూ" అని నేను. ఫోను ఛార్జింగు ఎర్రగా అయిపొయ్యింది. ఆ మ్యాపు అంతసేపు తెరిచిపెడితే ఉంటాదా? బొమ్మ నిలబడింది. మేమూ నిలబడినాము. బొమ్మ, మేము, ఒకే తావు! తల ఎత్తి చూస్తే ముందర ఏముండాది? అదే చెత్త ఆటో. ఆ పక్క ఈ పక్క ఒక్క పురుగు లేదు. అప్పుడే ఫోను ఆరిపొయ్యింది.

ఇంక నాకు ఒళ్ళు తెలీలేదు. పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపి, చేతులు రెండూ చాపి చెత్త ఆటోకి ఎదురుగా నిలబడినా.

"మర్యాదగా చెప్పండి! నా బండి యాడ దాచినారు?"

ఆటోలో ఎనక నిలబడుకోని ఉన్న ఆమె, రాజమ్మంట పేరు, నన్ను పైనుంచి కిందికి చూసింది. అసలే ఇందాక తిట్టిన దాన్ని. "నీ బండా? ఈడుండేవి మూడు బక్కెట్లమ్మా. తడి చెత్త, పొడి చెత్త, దిష్టి. నీ బండి దేంట్లో ఏసుంటాది?"

"దిష్టి ఏంది?"

"మూడు దోవలు కలిసే కాడ పారేస్తారు కదమ్మా, గుమ్మడికాయలు, నిమ్మకాయలు, మూటలు. అవి అన్నిట్లో కలపకూడదని వేరే బక్కెట్టు పెట్టుకున్నాం. దేనికీ భయపడము గానీ, ఈ పొద్దు ఒక మూట చూసి మా డ్రైవరు దగ్గరికి కూడా రాలేదు. గుడ్డ రవ్వంత చినిగి లోపల నీలం లైటు వెలగతా ఉండాది!"

 బక్కెట్టులోకి తొంగి చూసినా. పగిలిన గుమ్మడికాయ ముక్కల మీద, నల్లగా, టిప్పు టిప్పుమని వెలగతా ఆరతా, నా మూట! మా అత్త మూట! నా డబ్బీ!

"అమావాస్య కాదు కదా... అమావాస్య కాదు కదా..." అని అదే మాట అంటా ఉండిపొయ్యినా. మస్తాను నా మొగం చూసినాడు, మూట చూసినాడు. "అక్కా, దొంగ దొరికినాడా?" అన్నాడు. ఆటో ఎక్కించుకున్న వాడు కాబట్టి ఊరుకున్నా, లేకుంటే చెంప పగిలేది.

చెయ్యి పెట్టి మూట తీసుకున్నా. తీసుకోక ఏం చేస్తా, డబ్బీ లోపల ఉండాది కదా! కుళ్ళిన గుమ్మడికాయ నీళ్ళు మోచేతి దాకా కారినాయి, చీర కొంగు మీద పడినాయి. విప్పుదామంటే తడిసి ముడి బిగుసుకోని పొయ్యింది. విప్పడానికి రాలేదు. రాజమ్మ "తీసుకోని పోమ్మా తల్లీ, మాకొద్దు" అని దండం పెట్టింది.

అప్పుడొచ్చింది అసలు ఏడుపు. డబ్బీ ఈడుంటే బండి యాడ? చీర యాడ? ఇంతసేపు చేతిలో ఉన్న టైమంతా చెత్త బండి ఎనక తిరిగి పోగొట్టుకున్నా. ఇంటికి పొయ్యి చూస్తే బండి లేదు, మా అత్త లేదు, మా ఆయన లేడు. కుండీ ఎత్తి చూస్తే తాళంచెవి కూడా లేదు! "తాళంచెవి కూడా ఎత్తుకోని పొయ్యినారు మస్తానూ" అని గడప మీద కూలబడినా. మస్తాను తన ఫోను ఇచ్చినాడు. ఎవరికి చెయ్యాల? నంబర్లన్నీ నా ఆరిపొయ్యిన ఫోన్లో. నాకు నోటికొచ్చిన నంబరు ఒకటే, మా ఆయనది. చేస్తే లోపల కిటికీ కాడ మోగతా ఉండాది.

"ఇప్పుడేం చేస్తావక్కా?"

ముహూర్తం దగ్గరపడింది. తల్లి చీర పోగొట్టినానని ఆ బిడ్డకి కబురు ఇంకొకరు చెప్పకూడదు. తప్పించుకోని ఇంట్లో దాక్కునే రకం కాదు నేను. "మండపానికి పోనీ మస్తానూ" అన్నా. "కాళ్ళ మీద పడి చెప్తా. తిడితే పడతా. నా ఒంటి మీది పెళ్ళిచీర విప్పి ఇస్తా, కట్టుకుంటే కట్టుకుంటాది." మస్తాను ఒకసారి ఎనక్కి తిరిగి నా చీర వాసన చూసి, మళ్ళా ముందరికి తిరిగినాడు.

తిరపతిలో మండపం ముందర దిగినా. కండ్లల్లో నీళ్ళు, కొంగంతా గుమ్మడికాయ పులుసు, చేతిలో నల్లగుడ్డ మూట, అది టిప్పు టిప్పుమని వెలగతా ఉండాది. సన్నాయి వాళ్ళు నన్ను చూసి ఒక్క నిమిషం ఊదడం ఆపేసినారు.

గేటు కాడ పన్నీరు చల్లతా ఉండింది లావణ్య వాళ్ళవ్వ. చూసి కెవ్వుమనింది.

"అయ్యయ్యో! శుభమా అని పెండ్లి జరగతా ఉంటే దిష్టి మూట ఎత్తుకోని వస్తావా! ఆడనే నిలబడుకో! అడుగు ముందుకెయ్యద్దు!"

ఇంకో ఇద్దరు ముసిలోళ్ళు పరిగెత్తుకోని వచ్చి చేతులు అడ్డం పెట్టినారు. నేను అట్లనే గేటు బయట మోకాళ్ళ మీద కూర్చున్నా. "అవ్వా, చీర పొయ్యింది. బండితో పాటు పొయ్యింది. నన్ను కొట్టు అవ్వా" అని భోరుమన్నా.

"ఏ సీర?" అనింది అవ్వ.

"లావణ్య వాళ్ళమ్మ చీర!"

అవ్వ మెల్లగా పక్కకి జరిగింది. లోపల పీటల మీద లావణ్య కూర్చోని ఉండాది. ఒంటి మీద ఎర్ర అంచు పట్టుచీర. నేను కట్టిన కుచ్చులు భుజం మీద నుంచి జారి కదలతా ఉండాయి. అంచు కుట్టిన తావు నాకే కనపడలేదు, అంత బాగా కలిసిపొయ్యింది. నన్ను చూసి ఆ బిడ్డ నవ్వి, కొంగు పైకెత్తి చూపించింది. సుజాతా, అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది చూడు! ఏడుపు ఆగలేదు గానీ, అది వేరే ఏడుపు.

గేటు పక్కనే నిలబడుకోని ఉండాది నా బండి. నీళ్ళతో కడిగి తళతళా మెరస్తా ఉండాది. ముందర కొత్త దిష్టి మూట.

దాని ఎనక నుంచి వచ్చినాడు మా ఆయన. "యాడికి పొయ్యినావే? పొద్దున్నే లేచి, నువ్వు పెండ్లికి పోతావు కదా అని బండి వాటర్ వాష్‌కి తీసుకోని పొయ్యినా. వచ్చేసరికి నువ్వు లేవు. నీకు చేస్తే ఫోను కలవలేదు, ఆ కంగారులో నా ఫోను మళ్ళా కిటికీలోనే మరిచిపొయ్యినా. అమ్మ గుడి నుంచి వచ్చి కంగారు పడిపొయ్యింది. సీర ఇంట్లోనే ఉండాది కదా, మరిచిపొయ్యి పెండ్లోళ్ళ కారులో పొయ్యినావేమో అని మేమే తెచ్చిచ్చినాము."

"చీర ఇంట్లో ఎందుకుండాది? సీటు కింద కదా పెట్టినా!"

మా అత్త ముందరికొచ్చింది. "నేనే తీసి బీరువాలో పెట్టినా. నిన్న పక్కింటి పుష్పమ్మ సీర సూసి అబ్బా అబ్బా అని ఒకటే పొగుడుడు. ఆమె కండ్లు మంచివా? అమావాస్య దాకా ఆగితే ఏమైతాదో అని, పొద్దుగూకినాక బండికీ సీరకీ దిష్టి తీసి, పాత మూట పీకి మూడు దోవల్లో పారేసొచ్చినా." అంటా అంటా నా చేతిలో మూట చూసింది. మొగం మారిపొయ్యింది. "ఇది... ఇది నేను పారేసిందే! ఎనక్కి తిరిగి సూడకుండా వచ్చినానే! నువ్వు పొయ్యి ఏరుకోని వచ్చినావా! ఏరుకోని పెండ్లికి ఎత్తుకోని వచ్చినావా!"

మూటలో లైటు టిప్పుమనింది. మా అత్త ఒక్క ఎగురు ఎగిరింది.

తర్వాత ఏముండాది? నన్ను గేటు బయటే నిలబెట్టి నెత్తిన నీళ్ళు కుమ్మరించినారు. అవ్వ, మా అత్త, ఇద్దరూ కలిసి నాకు దిష్టి తీసినారు. పెండ్లికూతురికి కూడా అంత తీయలేదు. ఆరబోసిన గుడ్డ మాదిరి ఎండలో నిలబడుకోని, దూరం నుంచే అక్షింతలు ఏసినా. భోజనం మస్తానే విస్తరిలో పెట్టి తెచ్చిచ్చినాడు. "అక్కా, తడి చెత్తా పొడి చెత్తా?" అని అడిగినాడు వాడు, ఎప్పుడు దొరుకుతానా అని ఉన్నట్టున్నాడు.

ఇంటికి పొయ్యినాక మా ఆయన ట్యాగు చేతిలో పెట్టుకోని కోర్టులో లాయరు మాదిరి మొదలుపెట్టినాడు. "చీర ఇంట్లోనే ఉండిందని ఇది పొద్దున్నే చెప్పిందా లేదా? చెప్పింది. నువ్వు బటన్ నొక్కినావా? నొక్కలేదు. నొక్కుంటే బీరువాలో కీచుమనేదా లేదా? బండి పోలేదు. చీర పోలేదు. తాళంచెవి అమ్మ కొంగున ఉండింది. ఆ రోజు తప్పిపొయ్యింది ఎవరు?"

ఆ ట్యాగు లాక్కోబొయ్యినా, ఇవ్వలేదు. 

"ట్రాకర్ ఎవరికి కట్టాల మరి?" అన్నాడు. అంతే, మా అత్త లేచి నల్లగుడ్డ తెచ్చింది. ట్యాగుని దాంట్లో పెట్టి, రెండు మిరపకాయలు కూడా ఏసి, నా హ్యాండ్‌బ్యాగుకి కట్టేసింది. ఇదిగో, ఈ మూట అదే. ఆ యాప్ మా ఆయన ఫోన్లోకి మార్చినారు, ఆ ఫోను ఇప్పుడు మా అత్త చేతిలోనే ఉంటాది. బటన్ నొక్కడం మా అత్త ఒక్క పూటలో నేర్చుకునింది. ఇంట్లో నేను మిద్దె మీద ఉన్నా, పెరట్లో ఉన్నా, నోటితో పిలవడం మానేసి నొక్కడమే!

నవ్వద్దంటే నవ్వతా ఉండావు చూడు. నవ్వు, నవ్వు. ఒక మంచి మాట ఏందంటే, లావణ్య నిన్న ఫోటోలు పంపింది, అంచు కుట్టు ఎంత దగ్గరగా చూసినా కనపడలేదు. అది చాలు నాకు. ఇంకొక రవ్వంత టీ పొయ్యి. గుడిలో పూజ అయ్యేంతసేపు టైముండాది.

ఉండు... ఏందా చప్పుడు? కీచుకీచుమని? మీ ఇంట్లో ఎలకలు ఉండాయా?

అమ్మో! నా బ్యాగే! ఇది మోగిందంటే ఫోను పట్టుకున్న మనిషి చుట్టుపక్కలే ఉన్నట్టు కదా! మా అత్త ఈ సందులోకే వచ్చేసింది! బిన్నా ఆ టీ గ్లాసులు తీయి సుజాతా, ఆ గంధం గిన్నె ఇటివ్వు, గుడికి పొయ్యొచ్చినట్టు నొసట పెట్టుకుంటా. నేనే కదా అంగడిలో కూర్చోని, మూడు రకాలు చూసి, ఏరి ఏరి కొన్నా. థూ, ఎంత బాగా పనిచేస్తా ఉండాది చూడు!